ఎంతొస్తుంది వదినా?

మా మరిదికి ఒక అలవాటుంది. ఎవరు ఏ పని చేస్తున్నారని విన్నా ముందుగా ఒకే ప్రశ్న వేస్తాడు, "ఎంతొస్తుంది?" అని. పక్కవాటా పిన్నిగారు ఎండలో కూచుని వడియాలు పెడుతూంటే అదే ప్రశ్న. మా పెద్దమ్మాయి పెళ్ళయిన పదేళ్ళకి అటకమీంచి వీణ దించి దుమ్ము దులిపితే అదే ప్రశ్న. ముప్ఫయ్యేళ్ళు బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి కదా, పోనీలే అనుకుని ఇన్నాళ్ళూ నవ్వేసి వూరుకున్నాను. ఈ దసరాకి మాత్రం వూరుకోలేకపోయాను.

జరిగిందేమిటంటే, మా టీపాయ్ మీద ఒక పత్రిక పడివుంది. పత్రిక అంటే మీరూ నేనూ చదివే రంగురంగుల పత్రిక కాదు. పసుపు తిరిగిన కాయితాలు, ఎడంపక్కన మూడు పిన్నులు, లోపలంతా టైపు మిషను అక్షరాలు. అట్టమీద చేత్తో గీసిన బొమ్మ: కోసుగా నిలబడ్డ చెవులు, పైకి లేచిన కనుబొమలు వున్న ఒక మనిషి.

"ఇదేమిటి వదినా, ఏదైనా సంఘంవాళ్ళ సావనీరా?" అన్నాడు మరిది, దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని.

చెప్పాను. అమెరికాలో యాభై ఏళ్ళ క్రితం ఆడవాళ్ళు తమకిష్టమైన టీవీ కథలోని మనుషుల మీద కొత్త కథలు అల్లి, వాటిని తామే టైపు చేసి, తామే అచ్చేసి, తామే కుట్టి, తామే పోస్టు చేసుకున్న పత్రిక అని. అలాంటివి వేలకొద్దీ వచ్చాయనీ, వాటిని ఫ్యాన్‌జీన్లు అంటారనీ, అంటే అభిమానులు నడిపే పత్రికలనీ చెప్పాను.

"ఎంతొచ్చేది వాళ్ళకి?"

"ఏమీ వచ్చేది కాదు. పైగా చేతి డబ్బు పడేది."

"మరెందుకూ?" అని ఒక నవ్వు నవ్వి, పత్రిక టీపాయ్ మీద పడేసి కాఫీ అందుకున్నాడు.

ఆ నవ్వు నాకు తెలుసు. మీకూ తెలుసు. మనం చేసే పనికి జీతం లేకపోతే అది పని కాదు, కాలక్షేపం. మనం రాసేదానికి పారితోషికం లేకపోతే అది రాత కాదు, కాయితం దండగ. ఆ నవ్వుకి ఆరోజు నోటిమాటగా జవాబు చెప్పలేక, ఇదిగో ఇలా రాస్తున్నాను. మరిది ఈ పత్రిక చదవడు. కానీ వాళ్ళావిడ చదువుతుంది.

ఆ పత్రిక నాకెలా దొరికిందో ముందు చెప్పాలి. మా రెండో అమ్మాయి అమెరికాలో వుంటుంది. పురిటికని వెళ్ళి ఆర్నెల్లున్నాను. వాళ్ళ పక్కింట్లో ఒక పెద్దావిడ ఒంటరిగా వుండేది. బళ్ళో పంతులమ్మగా చేసి రిటైరైంది. నేను ఇచ్చిన నిమ్మకాయ పులిహోర తిని కళ్ళనీళ్ళు పెట్టుకుని (కారానికి లెండి) నాకు స్నేహితురాలైంది. ఒకరోజు తన ఇంటి కింది గదిలోకి తీసుకెళ్ళి అట్టపెట్టెలు చూపించింది. ఒకటి కాదు, రెండు కాదు, పదిహేడు. మూత తియ్యగానే నాకు తెలిసిన వాసన వచ్చింది. చిన్నప్పుడు బళ్ళో పరీక్షరోజున పంచిపెట్టే సైక్లోస్టైల్ ప్రశ్నపత్రాల వాసన! ప్రపంచానికి అవతల ఒక దొరసాని ఇంట్లో నా ఎనిమిదో తరగతి వాసన వస్తుందని నేను కలగన్నానా?

ఆ పెట్టెల నిండా ఆ పత్రికలే. ఆవిడ వయసులో వున్నప్పుడు, పిల్లలు పడుకున్నాక, వంటింటి బల్లమీద టైపు మిషను పెట్టుకుని చేసినవీ, తనలాంటి వాళ్ళు చేసి పంపినవీ. ఆమాట చెబుతూ ఆవిడ గొంతు తగ్గించింది, ఏదో తప్పు చేసినట్టు. నాకు మొట్టమొదట కోపం వచ్చింది అక్కడే. ఆవిడమీద కాదు. డెబ్భై దాటిన మనిషి చేత తను చేసిన మంచి పనిని గొంతు తగ్గించి చెప్పించిన ఆ నవ్వుమీద.

సరే, ఇక విషయానికి వస్తాను. అమెరికాలో 1966 సెప్టెంబరు 8న స్టార్ ట్రెక్ అనే టీవీ సీరియల్ మొదలైంది. కొన్ని వందల ఏళ్ళ తర్వాతి కాలంలో ఒక పెద్ద ఆకాశనౌక, అందులో రకరకాల జాతులవాళ్ళు కలిసి పనిచేస్తూ నక్షత్రాల మధ్య తిరుగుతూ వుంటారు. కెప్టెన్ పేరు కిర్క్. అతని కుడిభుజం స్పాక్ అనే ఆయన, ఆ కోసు చెవుల మనిషి. తల్లి మన భూమ్మీది ఆడది, తండ్రి వల్కన్ అనే గ్రహంవాడు. ఆ గ్రహంవాళ్ళు కోపతాపాలన్నీ అణిచేసి బుద్ధి ఒక్కదాన్నే నమ్ముకుంటారు. పాపం స్పాక్‌కి లోపల అమ్మ పోలిక ఒకటి కొట్టుకుంటూ వుంటుంది. అదీ పైకి చూపించకూడదు.

ఆడవాళ్ళు వెయ్యిమంది ఎందుకు ఈ పాత్రమీద పడ్డారని పెద్దపెద్ద పుస్తకాలే వచ్చాయి. నాకు పుస్తకాలక్కర్లేదు. నలుగురిలో నవ్వుతూ వడ్డన చేసి, దొడ్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుని మళ్ళీ వచ్చి "ఇంకాస్త వేసుకోండి" అన్న ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది.

సీరియల్ మొదలైన ఏడాదికి, 1967 సెప్టెంబరులో, న్యూయార్కులో డెవ్రా లాంగ్సమ్, షెర్నా కమర్‌ఫర్డ్ అనే ఇద్దరమ్మాయిలు 'స్పాకనేలియా' అని ఒక పత్రిక తెచ్చారు. పూర్తిగా స్టార్ ట్రెక్ మీదే వచ్చిన ఫ్యాన్‌జీన్లలో అదే మొదటిది. డెవ్రా లైబ్రేరియను. 1970 దాకా అయిదు సంచికలు వచ్చాయి. స్పాక్ వేషం వేసిన లెనర్డ్ నిమోయ్ మొదటి సంచికకే ఉత్తరం రాశాడు. సీరియల్ సృష్టించిన జీన్ రాడెన్‌బెరీ కూడా ఉత్తరం రాసి మెచ్చుకున్నాడు. మన దగ్గర ఇద్దరు ఆడపిల్లలు కుట్టిన పత్రికకి ఏ నిర్మాతైనా ఉత్తరం రాశాడని విన్నామా?

అభిమానులు పత్రిక నడపడం వీళ్ళు కొత్తగా కనిపెట్టింది కాదు. 1926లో అమెరికాలో సైన్సు కథలకని ఒక మాసపత్రిక మొదలై, ఉత్తరాలు రాసినవాళ్ళ చిరునామాలు కూడా అచ్చువేసింది. దాంతో పాఠకులు ఒకరికొకరు రాసుకోవడం మొదలెట్టారు. 1930లో షికాగోలో 'కామెట్' అని మొదటి అభిమాన పత్రిక వచ్చింది. ఫ్యాన్‌జీన్ అన్న పేరు 1940లో పుట్టింది. కాకపోతే అప్పట్లో వాటిని నడిపినవాళ్ళలో ఎక్కువమంది మగపిల్లలు. పిడివాదాలూ, పార్టీలూ, ఒకళ్ళనొకళ్ళు వెలివేసుకోవడాలూ! వాళ్ళు అంత చేసినా ఎవరూ నవ్వలేదు. "కుర్రాళ్ళకి సైన్సంటే ఎంత ఆసక్తో" అన్నారు. అదే ఆడవాళ్ళు మిషను పట్టుకునేసరికి పాత అభిమానులే మూతి విరిచారు. "వీళ్ళు సైన్సు కోసం రాలేదు, టీవీలో వేషగాడి మొహం కోసం వచ్చారు" అన్నారు.

మొహం కోసం వచ్చినవాళ్ళు ఇంత చాకిరీ చేస్తారా అని అడుగుతాను నేను. ఆ చాకిరీ ఏమిటో మా పక్కింటావిడ పూసగుచ్చినట్టు చెప్పింది.

స్టెన్సిల్ అంటే మైనం పూసిన పల్చటి కాయితం. టైపు మిషన్లో రిబ్బను పక్కకి తప్పించి దానిమీద కొట్టాలి. అక్షరం పడ్డచోట మైనం చీలుతుంది. మెల్లిగా కొడితే అక్షరం తేలదు. గట్టిగా కొడితే 'ఓ' అక్షరం మధ్య బిళ్ళ వూడిపోయి అచ్చులో నల్లచుక్క పడుతుంది. తప్పు పడిందా, గోళ్ళరంగు వాసన వేసే ద్రవం ఒకటి పూసి, నోటితో ఊది ఆరబెట్టి, మళ్ళీ అదే చోట కొట్టాలి. ఒక పేజీకి గంట. బొమ్మ వుంటే మొనదేరిన పుల్లలాంటి దానితో మైనం చిరక్కుండా గియ్యాలి. అయిపోయాక దాన్ని సిరా పట్టిన డోలుకి చుట్టి, పిడి తిప్పుతూ ఒక్కొక్క కాయితం తియ్యాలి. సిరా తడి ఒక కాయితంనించి ఇంకోదానికి అంటకుండా మధ్యమధ్య చిత్తుకాయితం పెట్టాలి. ఆరాక వెనకవేపు. నూరు పేజీల పత్రిక మూడొందల కాపీలంటే, వెనకా ముందూ అచ్చేసినా పదిహేను వేల కాయితాలు చేతుల్లోంచి వెళ్ళాలి.

ఆ తర్వాతది నాకు భలే నచ్చింది. అచ్చయిన పేజీలన్నీ భోజనాల బల్లచుట్టూ దొంతర్లుగా పేర్చేవారట. స్నేహితురాళ్ళంతా వచ్చేవారట. బల్లచుట్టూ గుండ్రంగా తిరుగుతూ ఒక్కొక్క దొంతరలోంచి ఒక్కో పేజీ తీసుకుంటూ పోవడం, చివర ఒకామె పిన్నులు కొట్టడం. పాటలు, పరాచికాలు, ఒకామె చంటిపిల్ల బల్లకింద. "అచ్చం మా అప్పడాల రోజులా వుంది" అన్నాను. మా అమ్మాయి అనువాదం చేసి చెబితే ఆవిడ పడీపడీ నవ్వింది.

అంతా అయ్యాక పత్రికకి ధర ఎంత? కాయితం, సిరా, తపాలా ఖర్చు ఎంతయితే అంత. లాభం తీసుకోకూడదన్నది వాళ్ళు పెట్టుకున్న కట్టుబాటు. పాత్రలు తమవి కావు కనక వాటిమీద సొమ్ము చేసుకోరాదు. కథ రాసినవాళ్ళకీ, బొమ్మ వేసినవాళ్ళకీ ముట్టే పారితోషికం ఒక కాపీ. ఆపైన పాఠకుల ఉత్తరాలు. ఆ ఉత్తరాల కోసమే ఎదురుచూసేవాళ్ళమని ఆవిడ అంది. "బావుంది" అని ముక్తసరి ఉత్తరాలు కాదు. ఫలానా పేజీలో స్పాక్ అలా మాట్లాడడు, ఎందుకంటే... అని నాలుగు పేజీల వాదన. మన పత్రికల్లో ధారావాహికలు వచ్చే రోజుల్లో మనం రాసిన ఉత్తరాల్లాంటివే!

ఆ ఉత్తరాల బలం తక్కువది కాదు. సీరియల్ ఆపేస్తారని 1967 చివర్లో పుకారు పుడితే, బీజో ట్రింబుల్ అనే ఆవిడా, వాళ్ళాయనా కలిసి అభిమానుల్ని కూడగట్టి టీవీ కంపెనీ మీద ఉత్తరాల వాన కురిపించారు. కంపెనీ లెక్క ప్రకారమే లక్ష దాటాయి. 1968 మార్చి 1న, సీరియల్ కొనసాగుతుందని టీవీలోనే చెప్పుకోవలసివచ్చింది. ఇంకో ఏడాది నడిచి 1969 జూన్‌లో ఆగిపోయింది. మొత్తం 79 భాగాలు.

ఆగిపోయాక ఏమవ్వాలి? ఇంకో సీరియల్ చూసుకోవాలి. వీళ్ళు చూసుకోలేదు. అసలు పత్రికలు చెట్టుకి కాయలు కాసినట్టు కాసింది ఆ తర్వాతే. మొదటి సినిమా 1979 డిసెంబరులో వచ్చిందాకా, నడుమ 1973, 74లో వచ్చిన 22 బొమ్మల భాగాలు తప్ప, ఆ పదేళ్ళూ టీవీలో పాతవే తిప్పితిప్పి వేశారు. కొత్త కథలు కావలసినవాళ్ళకి అవి ఈ ఆడవాళ్ళ దగ్గరే దొరికాయి. 1972 జనవరిలో న్యూయార్కులో ఒక హోటల్లో అభిమానుల సభ పెడితే, కొన్ని వందలమంది వస్తారనుకున్నచోట మూడు వేలమందికి పైగా వచ్చారు. ఆ సభ జరిపినవాళ్ళలో మన డెవ్రా కూడా వుంది. మన వూళ్ళలోనూ హీరోలకి అభిమాన సంఘాలున్నాయి. కటౌట్లకి పాలు పోస్తారు, దండలు వేస్తారు, ఇంకో హీరో అభిమానులతో తలలు పగలగొట్టుకుంటారు. దాన్ని ఎవరూ "కాలక్షేపం" అనరు!

ఇక అసలు ఆరోపణకి వస్తున్నాను. "ఇంకొకళ్ళ పాత్రలు ఎత్తుకొచ్చి కథలు రాయడం కాపీ కాదా? సొంత బుర్ర లేదా?" ఈ మాట అమెరికాలో పండితులూ అన్నారు, ఇక్కడ మా మరిదీ అన్నాడు. అమెరికా పండితుల్ని క్షమిస్తాను. తెలుగువాడు ఈ మాట అంటే క్షమించను.

ఊర్మిళ ఎవరమ్మా? వాల్మీకి ఆవిడకి పెళ్ళి చేసి వదిలేశాడు. లక్ష్మణుడు అడవికి వెళ్ళాక ఆ పిల్ల ఏమైందో ఆయనకి పట్టలేదు. పట్టినది మన అమ్మమ్మలకి. పధ్నాలుగేళ్ళు ఆవిణ్ణి నిద్రపుచ్చి, మొగుడు తిరిగొచ్చి తలుపు తట్టి లోపలికి వస్తే "ఎవడురా నువ్వు, పరాయి ఆడదాని గదిలోకి" అని నిలదీయించి పాట కట్టారు. శూర్పణఖ మారువేషంలో వచ్చి రావణుడి బొమ్మ గియ్యమంటే, సీత తను చూసింది అతని కాలి బొటనవేలే కనక అంతే గీసిందని ఇంకో పాట. ఏ మహాకవి సంతకమూ లేదు వాటికి. రోట్లో దంచుతూ, ఉయ్యాల వూపుతూ, పేరంటంలో కూచుని, పైసా తీసుకోకుండా పాడినవి. పోనీ మగవాళ్ళ లెక్కే చూడండి. 1957లో వచ్చిన 'మాయాబజార్' చూడని తెలుగువాడు లేడు కదా, ఆ శశిరేఖ వ్యాసభారతంలో ఏ పర్వంలో వుందో చూపించమనండి మా మరిదిని! వున్న కథలో చోటు చాలక, చోటు చేసుకుని కూర్చున్న పిల్ల ఆవిడ. అమెరికాలో ఆ ఆడవాళ్ళు చేసినదీ అదే. టీవీలో నల్లజాతి ఆఫీసరు ఉహూరా చెవిలో పరికరం పెట్టుకుని కూచోడమే ఎక్కువ. ఆవిడకి ఒక ఇల్లూ, ఒక బాల్యం, ఒక దిగులూ ఇచ్చి కథలు రాశారు. స్పాక్ తల్లి పరాయి గ్రహంలో కాపరం ఎలా చేసిందో రాశారు. పొట్టి భాష, కొత్త ఆచారాలు, నవ్వకూడని అత్తవారిల్లు... ఇది సైన్సు కథో, మన కథో మీరే చెప్పండి.

అన్నీ గొప్ప కథలని నేననను. ఆవిడ ఇచ్చిన వాటిలో కొన్ని మా అమ్మాయి చదివి వినిపిస్తూంటే నాకు కునుకు పట్టింది. కొన్ని, నిజం చెప్పొద్దూ, కూతురి పక్కన కూచుని వినదగినవి కావు. 1974 నుంచి కిర్క్, స్పాక్‌ల స్నేహాన్ని ప్రేమగా రాసిన కథలు కూడా అచ్చయ్యాయి. అవి నడిపిన ఆడవాళ్ళే వయసు వచ్చిందని సంతకం చేసి పంపితేగాని అలాంటి సంచికలు అమ్మేవాళ్ళు కారు. 1981లో 'స్టార్ వార్స్' సినిమా కంపెనీవాళ్ళు, తమది కుటుంబాలు చూసే సినిమా కనక పెద్దల కథలు అచ్చువెయ్యవద్దని ఈ పత్రికలవాళ్ళకి హెచ్చరిక ఉత్తరాలు పంపారు. నేను కుటుంబస్తురాలినే. అయినా మూడొందల కాపీల పత్రికమీదికి అంత కంపెనీ కర్ర పట్టుకు రావడం నాకు పిచ్చికమీద బ్రహ్మాస్త్రంలాగే కనిపించింది.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది మేరీ సూ సంగతి. 1973లో 'మెనాజరీ' అనే ఫ్యాన్‌జీన్‌లో పాలా స్మిత్ అనే అమ్మాయి, ఆ పత్రిక సంపాదకుల్లో ఒకతె, చిన్న వెటకారపు కథ రాసింది. అందులో పదిహేనున్నరేళ్ళ పిల్ల నౌకలో అందరికన్నా చిన్న లెఫ్టినెంటు. అందరూ ఆమెని ప్రేమిస్తారు, ఆమే నౌకని రక్షిస్తుంది, చివరికి అందరూ ఏడుస్తూ వుండగా చచ్చిపోతుంది. పత్రికలకి పుంఖానుపుంఖాలుగా వచ్చే అలాంటి కథల మీద, ఇంటి ఆడపడుచు వేసిన ఛలోక్తి అది. బాగానే వుంది, ఇంట్లోవాళ్ళం ఒకళ్ళనొకళ్ళం అనుకోమా? కానీ ఆ పేరు గడప దాటింది. ఆ తర్వాత ఎక్కడ ఏ కథలో ఆడపిల్ల తెలివిగా, ధైర్యంగా కనిపించినా "ఓహో, మేరీ సూ!" అని మగవాళ్ళు కర్రలా వాడడం మొదలెట్టారు.

మరి కెప్టెన్ కిర్క్ ఎవరండీ? ముప్ఫై నాలుగేళ్ళకే అంత నౌకకి అధిపతి, ప్రతి గ్రహంలోనూ ఒక సుందరి, ఎన్నిసార్లు చావు మీదికొచ్చినా బతికే బయటపడతాడు. జేమ్స్ బాండ్ ఎవరు? మన డిటెక్టివ్ నవలల్లో ఒక్క దెబ్బకి పదిమందిని పడగొట్టే వీరుడెవరు? అవన్నీ మగపిల్లల పగటికలలే కదా! వాటిని సాహసగాథలన్నారు. మనం యద్దనపూడి సులోచనారాణిగారి 'సెక్రటరీ' చదివి రాజశేఖరం లాంటివాడు వస్తాడని కలగంటే "వంటింటి సాహిత్యం" అన్నారు. ఇంటిల్లిపాదీ పడుకున్నాక ఆ నవలలు చదివిన ఆడవాళ్ళ సంఖ్య మాత్రం ఏ విమర్శకుడూ లెక్కపెట్టలేదు. ఆ పదిహేనున్నరేళ్ళ పిల్ల అంటే నాకు ఇష్టం. చెత్త కథే కావచ్చు. అది రాసిన పిల్ల తన జీవితంలో మొదటిసారి తనని తాను ఒక కథ మధ్యలో నిలబెట్టుకుంది. అక్కణ్ణించే కదా ఎవరైనా మొదలెట్టేది?

మొదలెట్టి ఆగిపోయినవాళ్ళు చాలామంది. ఆగనివాళ్ళూ వున్నారు. లోయిస్ మెక్‌మాస్టర్ బుజోల్డ్ అనే ఆవిడ కాలేజీ వయసులో స్నేహితురాలితో కలిసి స్టార్ ట్రెక్ ఫ్యాన్‌జీన్ తెచ్చింది. తర్వాత పెళ్ళి, ఇద్దరు పిల్లలు, ఒహాయోలో చిన్న వూరు. ఆ ఇంట్లో కూచుని నవలలు రాసింది. సైన్సు కథలకిచ్చే హ్యూగో బహుమతి నవలకే నాలుగుసార్లు అందుకుంది. జాక్విలిన్ లిక్టెన్‌బర్గ్ ఈ పత్రికల్లోనే పెద్ద కథామాలిక నడిపి, 1974లో సొంత నవల అచ్చేయించుకుంది. 1976లో పెద్ద ప్రచురణకర్తే ఈ అభిమానుల కథలు ఏరి పుస్తకంగా వేసి అమ్ముకున్నాడు, రాడెన్‌బెరీ ముందుమాటతో సహా. అప్పుడు కాపీ కాలేదన్నమాట!

ఇంకొక్కటి చెప్పి వూరుకుంటాను. స్పాకనేలియా మొదటి సంచికలో, 1967లో, డొరొతీ జోన్స్ అనే అమ్మాయి వల్కన్ గ్రహంవాళ్ళ భాషలో ఒక మాట పుట్టించింది. 'నీ వార్' అని. రెండు రూపాలు అని అర్థం. ఒకే వస్తువులోని రెండు ముఖాల్ని పక్కపక్కన పెట్టి చెప్పే పాట పేరు. ఆ మాట మిగతా అభిమాన పత్రికల్లోకి పాకింది, కథలకి పేరైంది. 2020లో అసలు కంపెనీవాళ్ళే తీసిన కొత్త స్టార్ ట్రెక్ సీరియల్లో, వల్కన్ గ్రహం పేరే మార్చి 'నీ వార్' అని పెట్టుకున్నారు. యాభై మూడేళ్ళు! స్టెన్సిల్ మీద మైనం చీల్చుకుంటూ ఎవరో ఒకమ్మాయి కొట్టిన మాట ఒక గ్రహానికి పేరైంది. ఎవరు ఎవర్ని కాపీ కొట్టారు చెప్పండి?

ఆ పదిహేడు పెట్టెల సంగతి మాత్రం నన్ను వదలడం లేదు. ఆవిడకి ఒకటే బెంగ. తను పోయాక కొడుకు వచ్చి ఇల్లు ఖాళీ చేయిస్తాడు, కాయితాలే కదా అని చెత్తలారీ ఎక్కించేస్తాడు అని. వాళ్ళలో చాలామంది పెట్టెలు అలాగే పోయాయట. మొగుడికి తెలియదు అవేమిటో, పిల్లలకి చెప్పడానికి సిగ్గు. అయోవా విశ్వవిద్యాలయం గ్రంథాలయంవాళ్ళు ఇలాంటి పత్రికల్ని తీసుకుని భద్రపరుస్తున్నారని తెలిసి, మా అమ్మాయి ఆవిడచేత ఉత్తరం రాయించింది. పెట్టెల్లో ఏమేమున్నాయో జాబితా రాయడానికి నేనూ కూచున్నాను. ఇంగ్లీషు పేర్లు నేను చదవడం, ఆవిడ రాసుకోవడం. ఆఖరి వారంలో తొమ్మిదో పెట్టెదాకా వచ్చాం. మిగతావి మా అమ్మాయి చూస్తానంది.

నేనెందుకంత పట్టుబట్టానో మా అమ్మాయికి అర్థం కాలేదు. కాలేజీలో మేము అయిదుగురం కలిసి ఒక లిఖిత పత్రిక నడిపాం. నాలుగు సంచికలు. నా దస్తూరీ బావుంటుందని రాత నాది. అట్టమీద బొమ్మ వేసిన పిల్ల తర్వాత ఎక్కడుందో తెలీదు. ఒకే ఒక్క కాపీ కదా, వాడవాడలా తిరిగి తిరిగి మూలలు చినిగి నా దగ్గరికే వచ్చేది. నా పెళ్ళయి నేనటు వెళ్ళగానే మా అమ్మ ఇల్లు సర్దుతూ పాత కాయితాలవాడికి తూకానికి వేసేసింది. అమ్మ తప్పేముంది? అవేమిటో నేనూ ఆవిడకి గొంతు తగ్గించే చెప్పాను.

దసరా వెళ్ళిన వారానికి మరిది మళ్ళీ వచ్చాడు. ఈసారి తనే టీపాయ్ మీది పత్రిక తీసుకున్నాడు. వాళ్ళబ్బాయి చెప్పాడట, ఇలాంటి పాత సంచికల్ని అమెరికాలో సేకరించేవాళ్ళు డబ్బిచ్చి కొంటారని. అట్ట తిప్పి చూశాడు, పేజీలు లెక్కపెట్టాడు, పిన్నులు తుప్పు పట్టాయేమో గోటితో గీకి చూశాడు.

"అయితే వదినా, ఇప్పుడు దీనికి ఎంతొస్తుందంటారు?"

పత్రిక అతని చేతిలోంచి తీసుకుని బీరువాలో పట్టుచీరల మధ్య పెట్టి తాళం వేశాను. కాఫీ మాత్రం ఇచ్చాను.